అల్లరి పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించడం: వేసవిలో ముప్పై రోజుల క్లాసు

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఇరవై మంది ఒకచోట చేరితే గోల ఖాయం. స్పోకెన్ ఇంగ్లీషు చెప్పడానికి కూర్చున్నవాళ్ళు చాలామంది మొదటి వారమంతా ఆ గోల ఆపడానికే ఖర్చు పెడతారు. అది దండగ పని. నోరు మూసుకున్న క్లాసులో లెక్కలు చెప్పొచ్చు, సైన్సు చెప్పొచ్చు, మాట మాత్రం నేర్పలేం. ఈ వయసు పిల్లలకి మాటలకేం కొదవ లేదు, తోటివాళ్ళు నవ్వుతారన్న భయమే అడ్డం. గ్రామరు రాక ఆగిపోయినట్టు కనబడే పిల్లాడు నిజానికి పక్క బెంచీ వైపు ఓ కంట చూస్తూ ఆగిపోతాడు.

అందుకని క్లాసులో పెట్టే ప్రతి పనికీ ముందు ఒకటే అడుక్కోవాలి: ఇది ఆ భయాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా? ఒక్కణ్ణి లేపి నిలబెట్టి ‘టెల్ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అంటే పెంచినట్టే. ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి పది జతల చేత ఒకేసారి మాట్లాడిస్తే తగ్గించినట్టు. ఇరవై గొంతుల సందడిలో ఎవరి తప్పు ఎవరికి వినబడుతుంది?

కింద రాసింది నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ళలో ఏప్రిల్ చివర బడులు మూసినప్పటి నుంచి జూన్ రెండో వారంలో తెరిచేలోపు నడుపుకునే ముప్పై క్లాసుల పద్ధతి. బీఈడీ అయి ఖాళీగా ఉన్నవాళ్ళయినా, రిటైరైన మేష్టర్లయినా, ఊళ్ళో కాస్త ఇంగ్లీషు వచ్చిన అక్కయినా అన్నయినా నడపొచ్చు.

చోటు, వేళ, సామాను

పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా పెట్టుకోండి. మైపాడు, కొత్తపట్నం వైపు సాయంత్రం సముద్రపు గాలి తోలుతుంది గానీ ఉదయగిరి, కనిగిరి వైపు ఏడు దాటినా గోడలు సెగలు కక్కుతూనే ఉంటాయి. పైగా సాయంత్రం అయితే క్రికెట్‌తో పోటీ పడాలి. ఆ పోటీలో గెలిచిన మేష్టరు లేడు.

బడి వరండా, రామాలయం మండపం, కానుగ చెట్టు నీడ, ఏదైనా సరే. రేకుల షెడ్డు మాత్రం వద్దు. వేడి సంగతి అటుంచి, పది జతలు మాట్లాడితే మోత తిరిగి తిరిగి వినబడి పక్కవాడి మాటే తెలీదు. బెంచీలుంటే గోడలకి జరిపి మధ్యలో ఖాళీ చేసుకోండి, లేకపోతే చాపలే మేలు.

పదహారుకి తక్కువ కాకుండా, ఇరవై నాలుగు దాటకుండా పిల్లల్ని తీసుకోండి. లెక్క సులువే. ఇరవై నాలుగు మందంటే పన్నెండు జతలు. జతకి అర నిమిషం చొప్పున తిరిగితే ఆరేడు నిమిషాల్లో అందర్నీ వినొచ్చు. ముప్పై అయిదు మందిని పెట్టుకుంటే చివరి జతల దగ్గరికి వెళ్ళేసరికి వాళ్ళు ఇంగ్లీషు వదిలేసి నిన్నటి మ్యాచి గురించి తెలుగులో మాట్లాడుకుంటుంటారు. ఎక్కువమంది వస్తే రెండు బ్యాచీలు చేయండి. 

సామాను: మనిషికొక పలక, బలపాలు, తడిగుడ్డ ముక్కలు, నాలుగు చిన్న అద్దాలు, ఒక రబ్బరు బంతి, గోడ గడియారం, మోగించడానికి ఒక స్టీలు గ్లాసు, దాని మీద కొట్టడానికి ఒక గరిటె. ఉదయగిరి చెక్క గరిటె ఉంటే చప్పుడు చెవులకి గుచ్చుకోదు.

పలక ఎందుకంటారేమో. మార్కాపురం రాతి పలకల మీద ఒకప్పుడు ఊరూరి పిల్లలు అక్షరాలు దిద్దుకున్నారు. ఇప్పుడవి అటకెక్కాయి. ఈ క్లాసుకి దాన్ని మించిన పనిముట్టు లేదు. ప్రశ్న వేసి, అందరూ రాశాక ‘వన్, టూ, త్రీ’ అనగానే పలకలన్నీ ఒక్కసారి లేస్తాయి. ఎవరూ తప్పించుకోలేరు, ఎవరూ ఒంటరిగా దొరికిపోరు. ఇరవై మందిలో ఎంతమందికి వచ్చిందో మూడు సెకన్లలో కంటికి కనబడుతుంది. తప్పు రాస్తే తుడిస్తే పోతుంది. నోటుబుక్కులో ఎర్రసిరా గీత అలా కాదు, అక్కడే ఉండి వెక్కిరిస్తుంటుంది. రాతి పలక దొరక్కపోతే ప్లాస్టిక్‌దైనా పర్లేదు.

మొదటి రోజు

పరిచయాల వరస పెట్టొద్దు. ‘మైసెల్ఫ్ ఫలానా, మై ఫాదర్ నేమ్ ఈజ్ ఫలానా’ అని అందరూ అప్పజెప్పేస్తారు. అది మాట కాదు, ఎక్కం. దాని బదులు పలక మీద తమ గురించి మూడు వాక్యాలు రాయమనండి. రెండు నిజం, ఒకటి అబద్ధం. మీరే ముందు రాసి చూపించండి: ‘ఐ హావ్ టూ బఫలోస్. ఐ కెన్ స్విమ్. ఐ డోంట్ లైక్ ఫిష్.’ నెల్లూరు వైపు చేపల పులుసు ఇష్టం లేదన్నవాణ్ణి ఎవరూ నమ్మరు, అబద్ధం అదేనని అరుస్తారు. అప్పుడు అది నిజమనీ, ఈత వచ్చన్నదే అబద్ధమనీ చెప్పండి. క్లాసు లేస్తుంది. తర్వాత జతలుగా కూర్చుని ఒకరినొకరు మూడేసి ప్రశ్నలడిగి అబద్ధం పట్టుకోవాలి. ఆరు నిమిషాలకి గ్లాసు మోగించి జతలు మార్చండి. మూడుసార్లు మారిస్తే చాలు.

ఆ రోజే ఒక్కొక్కర్ని పక్కకి పిలిచి, ‘నిన్న పొద్దుట్నించి ఏం చేశావో చెప్పు’ అని ఒక నిమిషం ఫోనులో రికార్డు చేయండి. ముందు పిల్లలకీ ఇంట్లోవాళ్ళకీ చెప్పే చేయాలి. అది మీ దగ్గరే ఉండాలి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారా, ఆ పిల్ల మళ్ళీ క్లాసుకి రాదు. ఈ రికార్డులతో పని ఆఖరి రోజున.

నవ్వు గురించి ఒక్క కట్టడి చాలు. మాట చూసి నవ్వొచ్చు, మనిషిని చూసి నవ్వకూడదు. చెప్పి ఊరుకుంటే నిలవదు. మీరే రోజుకొక తప్పు కావాలని చేసి, పట్టుకున్నవాళ్ళకి చప్పట్లు కొట్టించండి. మేష్టరు తప్పే నవ్వి వదిలేసే సంగతైతే తమది ఎంతలే అనుకుంటారు.

తొంభై నిమిషాలు

పది నిమిషాలు ఒళ్ళు కదిలే పని. ‘స్టాండ్ అప్, టచ్ ది వాల్, గో టు ద డోర్ అండ్ కమ్ బ్యాక్ స్లోలీ.’ చేసి చూపించమనాలి, మాట్లాడమనొద్దు. వినీ చేసీ భాష పట్టుకునే ఈ పద్ధతిని జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1960లలో ప్రచారంలోకి తెచ్చాడు. ఇంట్లో తొలిసారి బడి ముఖం చూసిన పిల్లలకి ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే అక్షరాలు రాకపోయినా ఓడిపోరు. వారం తర్వాత ఆజ్ఞలు పిల్లల చేతే ఇప్పించండి. మీ చేత గుంజీళ్ళు తీయిస్తారు. తీయండి.

తర్వాత పదిహేను నిమిషాలు కొత్త వాక్యాల మూసలు, రోజుకి రెండు మించకుండా, ఎనిమిది కొత్త మాటలతో. ముందు అందరూ కలిసి, తర్వాత వరసల వారీగా, తర్వాత జతలుగా. ఒంటరిగా ఎవర్నీ లేపొద్దు. పది నిమిషాలు పలకలు. ఇరవై అయిదు నిమిషాలు అసలు పని, అంటే జతలుగానో నలుగురుగానో ఒకటి సాధించాలి. దాని గురించి కింద వివరంగా ఉంది. అయిదు నిమిషాలు మంచినీళ్ళు. పదిహేను నిమిషాలు ఒకే సంగతిని మళ్ళీ మళ్ళీ చెప్పడం. ఆఖరి పది నిమిషాలు తప్పులు.

ఆ ‘మళ్ళీ మళ్ళీ చెప్పడం’ ఇంగ్లీషు టీచర్లకి తెలిసిన పాత పద్ధతే. ఒకే కబురు ఒకరికి నాలుగు నిమిషాల్లో, ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మరొకరికి రెండు నిమిషాల్లో చెప్పడం. మన పిల్లలకి నాలుగు నిమిషాలు ఎక్కువ, మధ్యలో మాట దొరక్క మొహాలు చూసుకుంటారు. రెండు, ఒకటిన్నర, ఒకటి పెట్టండి. వినేవాళ్ళు మారాలి, సంగతి మారకూడదు. మూడోసారికి తడబాటు ఎంత తగ్గుతుందో పిల్లలకే తెలుస్తుంది.

సంగతి ఎంచుకోవడంలో జాగ్రత్త. ‘పొల్యూషన్’, ‘మై ఎయిమ్ ఇన్ లైఫ్’ ఇస్తే పుస్తకంలో వ్యాసం అప్పజెబుతారు. తమకి తెలిసి, ఎదుటివాడికి తెలియనిది కావాలి. రొయ్యల గుంటలో నీటికి గాలి పట్టించే ఏరియేటరు రాత్రి ఆగిపోతే ఏం చేస్తారు? పొగాకు బ్యారన్‌లో, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టంలో, ఆకు ఎలా కాలుస్తారు? ఏడుపెంకులాట రూల్సేంటి? ఒంగోలు గిత్త సంగతి ఒక క్లాసంతా నడుస్తుంది. బ్రెజిల్‌లో కోట్లలో ఉన్న నెలోరె పశువులు మన ఒంగోలు జాతివే, పేరు మాత్రం నెల్లూరుది. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేదన్నది గుర్తుంటే ఆ పేరు చిక్కు వీడుతుంది. బ్రెజిల్ కుర్రాడొకడు వచ్చి అడిగితే ఈ ఎద్దు గురించి ఏం చెబుతావంటే చెప్పనివాడుండడు.

చెప్పే తీరులో రెండు మెళకువలు. పని ఎలా చేయాలో చెప్పేటప్పుడు వాక్యం ఎనిమిది మాటలు దాటకూడదు. వెంటనే ఒక పిల్లాడితో కలిసి చేసి చూపించాలి. ‘అర్థమైందా?’ అని అడక్కండి. ‘ఆఁ’ అని కోరస్ వస్తుంది, సగం మందికి ఏమీ అర్థం కాదు. ‘హూ స్పీక్స్ ఫస్ట్? హౌ మెనీ క్వశ్చన్స్?’ అని అడగండి. రెండోది, ప్రశ్న వేశాక ఆగడం. టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మించి ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయనీ, మాట్లాడేవాళ్ళు పెరుగుతారనీ మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970లలో చూపించింది. పరాయి భాషలో పిల్లాడు తలలో తర్జుమా చేసుకోవాలి కూడా. మనసులో అయిదు లెక్కపెట్టండి. ఆ అయిదూ చెప్పలేనంత పొడుగ్గా అనిపిస్తాయి. ఓర్చుకోవడమే ఈ ఉద్యోగంలో కష్టమైన భాగం.

తెలుగు వాక్యం ఇంగ్లీషు చొక్కా తొడుక్కుంటే

పిల్లలు చేసే తప్పులు గుడ్డివి కావు. తెలుగు ఎలా నడుస్తుందో అలాగే నడుస్తాయి. అది పట్టుకుంటే సగం గ్రామరు పుస్తకం పక్కన పెట్టొచ్చు.

‘నాకు జ్వరం వచ్చింది’ అంటాం గనక ‘ఫీవర్ కేమ్ టు మీ’ వస్తుంది. ‘వాన వస్తోంది’ గనక ‘రెయిన్ ఈజ్ కమింగ్’. తెలుగులో జ్వరం, ఆకలి, నిద్ర, కోపం అన్నీ మన దగ్గరికి వస్తాయి. ఇంగ్లీషులో మనమే వాటిని పట్టుకుని ఉంటాం: ‘ఐ హావ్ ఎ ఫీవర్’, ‘ఐ యామ్ హంగ్రీ’. ఈ తేడాని తెలుగులోనే రెండు నిమిషాలు చెప్పేస్తే మర్చిపోరు. ఇంగ్లీషులోనే చెప్పాలని పట్టుబడితే పావుగంట పోతుంది, ఫలితం సున్నా.

‘వచ్చాడు’లో ‘వాడు’ దాగి ఉన్నాడు. అందుకే ‘కేమ్ యెస్టర్డే’ అని ‘హీ’ మింగేస్తారు. ప్రశ్న అడగాలంటే తెలుగులో మాట చివర సాగదీస్తే చాలు, ‘వచ్చాడా?’ అని. అదే అలవాటుతో ‘హీ కేమ్ ఆ?’, ‘కమింగ్ ఆ?’ ఈ ‘ఆ’ని వదిలించడం అన్నిటికన్నా కష్టం, నెల పడుతుంది. దానికి విడిగా రోజూ అయిదు నిమిషాలు: మీరు తెలుగులో ‘తిన్నావా?’ అంటారు, పిల్లలు పలక మీద ‘డిడ్ యూ ఈట్?’ అని రాసి ఎత్తాలి. మొదటి వారం ‘డిడ్’ ఒక్కటే. రెండో వారం ‘డూ’, ‘డజ్’. మూడో వారం కలగలుపు. మూడూ ఒకే రోజు పెడితే దేనికీ దారి దొరక్క మళ్ళీ ‘ఆ’కే పోతారు. 

పెద్దగా ఎవరూ పట్టించుకోనిదొకటుంది, మర్యాద. తెలుగులో మర్యాద ‘అండి’లో, ‘మీరు’లో ఉంటుంది. పిల్లాడు ‘సార్, పెన్ను ఇవ్వండి’ అనుకుని దాన్ని ‘సార్, గివ్ మీ పెన్’ అంటాడు. వాడి మనసులో ‘అండి’ ఉంది, ఇంగ్లీషులో అది రాలిపోయింది. వినేవాడికి పొగరుగా వినబడుతుంది. ఇంగ్లీషు ‘అండి’ ఎక్కడుంటుందో చూపించాలి: ‘కుడ్ యూ’, ‘ప్లీజ్’, కాస్త మెత్తని గొంతు. ఇంకొందరికి మేష్టర్ని ‘యూ’ అనడానికి నోరు రాదు, ‘నువ్వు’ అన్నట్టుంటుంది. దాంతో ఎదురుగా ఉన్నాయన్నే ‘సార్ ఈజ్ కమింగ్ టుమారో ఆ?’ అని అడుగుతారు. ‘యూ’లో చిన్నా పెద్దా తేడా లేదని మొదటి వారంలోనే చెప్పేయండి. వాక్యం చివర ‘సార్’ తగిలిస్తే తగిలించనీండి, ఎవరికీ నష్టం లేదు.

ఉచ్చారణ ఎంతవరకు

బీబీసీ గొంతు తెప్పించాలని చూడొద్దు. ‘థింక్’ని ‘తింక్’ లాగా పలికినా అర్థమవుతుంది, వదిలేయండి. అర్థం చెడే చోట్లు నాలుగే.

ఒకటి, చివరి అచ్చు. బస్సు, బుక్కు, కారు, కేకు. తెలుగు మాట అచ్చుతో ముగియాలనుకుంటుంది. చివరి హల్లు దగ్గర నోరు అలాగే బిగించి రెండు లెక్కపెట్టి వదలమనండి. రెండు, ముందు చేరే య, వ. ‘ఎగ్’ని ‘యెగ్’, ‘ఓన్లీ’ని ‘వోన్లీ’. మాట మొదలుపెట్టక ముందే నోరు తెరిచి ఉంచితే ఆ య, వ రావు. అద్దంలో చూసుకుంటూ చేయాలి.

మూడు, ‘జూ’ (zoo)లో ఉండే జ. తెలుగులో ‘జడ’, ‘జాము’ అనేటప్పుడు పలికే జ దానికి దగ్గరే గానీ అది నాలుక తాకి వదిలే శబ్దం, ఇది ఆగకుండా సాగే శబ్దం. ‘స్స్స్’ అని సాగదీయమని, ఆపకుండానే గొంతు కలపమనండి. కంఠం మీద వేలు పెట్టుకుంటే తుమ్మెద రొద తెలుస్తుంది. అదే కావలసిన శబ్దం. ఇరవై మంది ఒకేసారి తుమ్మెదల్లా రొద చేస్తుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు, చూడనీండి. నాలుగు, పదమూడు–ముప్పై, పదిహేను–యాభై. ‘థర్టీన్’లో బరువు చివరి ముక్క మీద, ‘థర్టీ’లో మొదటి ముక్క మీద. బరువున్నచోట చప్పట్లు కొట్టించండి. డబ్బు, రైలు టైము ఈ ఒక్కదాంతో తారుమారవుతాయి.

ఇంకో మాట. పిల్లలు ఇంగ్లీషు మాటల కింద తెలుగులో ఉచ్చారణ రాసుకుంటారు. వద్దనకండి, కానీ ‘వైన్’ (wine)కీ ‘వాన్’ (van)కీ మొదట ఉండే రెండు వేర్వేరు శబ్దాలకి మన లిపిలో ఒకే వ ఉందని చెప్పండి. ఒకదానికి పెదాలు సున్నా చుట్టాలి, ఇంకోదానికి పైపళ్ళు కింది పెదవిని తాకాలి. అక్షరం చూపించలేని సంగతి అద్దమే చూపించాలి.

సాధించే పనులు మూడు

1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఇంగ్లీషు బోధనా నిపుణుడు దక్షిణాది బడుల్లో నడిపిన ప్రయోగం బెంగళూరు ప్రాజెక్టుగా పేరుపడింది. గ్రామరు పాఠం విడిగా చెప్పకుండా, పిల్లల ముందు తేల్చాల్సిన చిక్కు ఒకటి పెడితే దాన్ని తేల్చే పనిలో భాష పడుతుందన్నది ఆయన పట్టు. రైలు టైంటేబుళ్ళు అందులో పేరున్న సామాను. మనకి ఆ సామాను స్టేషన్లోనే ఉంది.

మొదటి పని. నెల్లూరు, బిట్రగుంట, కావలి, ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు, ఒంగోలు. ఈ ఏడు స్టేషన్లలో ఆగే రైలు ఒకటి ఎంచుకుని టైములు రాసుకోండి. ఒక కాగితంలో ఒకటి, మూడు, అయిదు, ఏడు ఉంచి మిగతావి ఖాళీ. రెండో కాగితంలో దానికి తిరగేసి. జతలో చెరొకటి. ‘వాట్ టైమ్ డజ్ ద ట్రైన్ రీచ్ కావలి?’ అని అడిగి నింపుకోవాలి. పిల్లలు చేసే మొదటి పని పక్కవాడి కాగితంలోకి తొంగి చూడటం. వీపుకి వీపు ఆనించి కూర్చోబెట్టండి. అరుపులు పెరుగుతాయి, ఆ అరుపులు ఇంగ్లీషులో ఉంటాయి. నింపాక అసలు చిక్కు: ‘అమ్మమ్మ సింగరాయకొండలో ఉంది, పదకొండుకల్లా ఒంగోలు ఆస్పత్రిలో ఉండాలి, ఈ రైలు పనికొస్తుందా?’ ఇక్కడ కాగితం చదివితే చాలదు, వాదించాలి.

రెండో పని, దొంగతనం. ఈ వయసు పిల్లలకి దీన్ని మించింది లేదు. మూడో వారానికి ముందు పెట్టొద్దు, ‘డిడ్’ ప్రశ్నలు నోటికి రాకపోతే నీరసపడుతుంది. నిన్న రాత్రి ఏడు నుంచి తొమ్మిది మధ్య ఊళ్ళో ఒక బుట్ట ఉలవపాడు మామిడిపళ్ళు పోయాయి. అనుమానం ఇద్దరి మీద. ఆ సమయంలో మేమిద్దరం కలిసే ఉన్నామని వాళ్ళ వాదన. ఆ ఇద్దర్నీ బయటికి పంపి పది నిమిషాలివ్వండి. ఎక్కడికెళ్ళారు, ఏం తిన్నారు, ఎవరు డబ్బులిచ్చారు, ఏ రంగు చొక్కా, అన్నీ కూడబలుక్కోవాలి. లోపల మిగతావాళ్ళు నలుగురేసి పోలీసులు, గుంపుకి ఎనిమిది ప్రశ్నలు రాసుకోవాలి. తర్వాత ఒకణ్ణి లోపలికి పిలిచి అయిదు నిమిషాలు విచారణ, వాణ్ణి మూలన కూర్చోబెట్టి రెండోవాడికి అవే ప్రశ్నలు. మూడు తేడాలు దొరికితే దొంగలు, లేకపోతే వదిలేయాలి.

ఎక్కడ చెడుతుందంటే, పోలీసులు ‘డిడ్ యూ గో టు ద షాప్?’ అని అవును, కాదు ప్రశ్నలే వేస్తారు. ఎనిమిదిలో అయిదు ‘వాట్, వేర్, హూ, వెన్’తో మొదలవ్వాలని ముందే చెప్పండి. దొంగలు అన్నిటికీ ‘ఐ డోంట్ రిమెంబర్’ అంటారు, గడుసువాళ్ళు. రెండుసార్లకి మించి అనకూడదు. రెండోవాడు బయట కిటికీ దగ్గర చెవి పెడతాడు, అందుకని ఒక కానిస్టేబుల్ని కాపలా పెట్టండి, కాపలా కాస్తూ వాడు కూడా ఇంగ్లీషులోనే కబుర్లు చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, నోరు తెరవని పిల్లని దొంగ చేయొద్దు. ఆమె పోలీసు గుంపులో ప్రశ్న చదివితే చాలు, చదివిన ప్రశ్నకి దొంగ గుటకలు మింగడం చూశాక రెండోది చూడకుండా అడుగుతుంది. మీరు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. నోటుబుక్కు పట్టుకుని మూలన కూర్చుని తప్పులు రాసుకోండి. మీరు ఉన్నారన్న సంగతి మర్చిపోయి ఇరవై మంది ఇంగ్లీషులో దెబ్బలాడుకునే ఆ పావుగంట కోసమే ఈ పనంతా.

మూడో పని నెమ్మదైనది. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండగ అందరికీ తెలిసిందే. కోరిక ఉన్నవాళ్ళు ఆ పేరుతో రొట్టె తీసుకుంటారు, నెరవేరినవాళ్ళు మరుసటి ఏడు రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె. అట్టముక్కలు గుండ్రంగా కత్తిరించి మనిషికి రెండివ్వండి. ఒకదాని మీద కావలసింది, రెండోదాని మీద ఇప్పటికే దొరికింది రాయాలి. లేచి తిరుగుతూ ‘ఐ వాంట్ టు లెర్న్ స్విమ్మింగ్. కెన్ యూ హెల్ప్ మీ?’, ‘ఐ లెర్న్ట్ ఇట్ లాస్ట్ ఇయర్, టేక్ దిస్’ అని మార్చుకోవాలి. ‘వాంట్ టు’ తర్వాత ‘గోయింగ్’, ‘లెర్నింగ్’ అనే తప్పు ఇందులో యాభైసార్లు వస్తుంది, యాభైసార్లు సర్దుకుంటుంది. పండగని ఎగతాళి చేసే ధోరణి మొదలైతే అక్కడే ఆపండి.

తప్పులు దిద్దడం

మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడొద్దు. విన్నవాటిలో పదో పన్నెండో రాసుకుని, చివరి పది నిమిషాల్లో అయిదు మాత్రం, పేర్లు లేకుండా బోర్డు మీద పెట్టండి. పలకల మీద వాళ్ళే దిద్దుకోవాలి. ఆ అయిదింటిలో మూడు అందరూ రోజూ చేసేవి, ఒకటి ఆ రోజు నేర్పిన మూసలోది, ఒకటి మీరు కావాలని చేసింది. కొత్త వాక్యం నేర్పే పదిహేను నిమిషాల్లో మాత్రం అక్కడికక్కడే దిద్దాలి. అప్పుడు వదిలేస్తే తప్పే ముద్రపడుతుంది.

తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా అనే ఆచారం కొన్నిచోట్ల ఉంది. దానివల్ల పిల్లలు ఇంగ్లీషు మాట్లాడరు, అసలు మాట్లాడటమే మానేస్తారు. దాని బదులు నేల మీద చాక్‌పీసుతో ఒక గీత గీయండి. గీత ఇవతల అయిదు నిమిషాలు తెలుగు లేదు, అవతలకి వెళ్తే ఏదైనా మాట్లాడుకోవచ్చు. వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచండి.

ఎదురయ్యే చిక్కులు

ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ మొదటి రోజే జతలు కట్టొద్దు. వాళ్ళు బిగుసుకుపోతారు, ఇంటి నుంచి కబురొస్తుంది. అమ్మాయిల జత ఒకటి, అబ్బాయిల జత ఒకటి ఎదురెదురుగా పెట్టి నలుగురుగా పని ఇస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

కాన్వెంటులో చదివి ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడు ఒకడుంటాడు. వాణ్ణి అస్సలు రాని పిల్లాడి పక్కన కూర్చోబెట్టడం మంచిదనిపిస్తుంది గానీ, ఒకడు ఉపన్యాసమిస్తాడు, ఒకడు తలూపుతాడు. బాగా వచ్చినవాణ్ణి మధ్యస్థంగా వచ్చినవాడితో, మధ్యస్థుణ్ణి రానివాడితో కలపండి. ఆ కాన్వెంటు పిల్లాడికి వారానికి ఒకసారి వార్తాపత్రికలోని సంగతిని అయిదు సులువు వాక్యాల్లో చెప్పే పని ఇవ్వండి. సులువుగా చెప్పడం వాడికీ కష్టమే.

హీరోల అభిమానుల గొడవ వస్తుంది. రెండు జట్లు తయారయ్యాయంటే ఆ సంగతి చర్చకి పెట్టొద్దు, ఇంగ్లీషు పోయి చేతులు వస్తాయి. ఏ ఊరి దోశ బాగుంటుంది, బస్సు మేలా రైలు మేలా అన్నంతవరకు వేడి సరిపోతుంది. 

ఇక పెద్దవాళ్ళు. నోటుబుక్కు తెరిచి చూసి, ఏమీ రాయలేదే అంటారు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకి తెలిసిన చదువు పేజీల్లో ఉంటుంది. రెండో వారం చివర ఒక రోజు పిల్లల్ని ఇంటి దగ్గర అమ్మకో నాన్నకో పది ఇంగ్లీషు ప్రశ్నలు వేసి, జవాబులు తెలుగులో విని, మర్నాడు ఇంగ్లీషులో వచ్చి చెప్పమనండి. ఇంట్లో చెవినపడ్డ ఆ పది ప్రశ్నల తర్వాత నోటుబుక్కు గురించి ఎవరూ అడగరు.

ఆఖరి రోజు

మొదటి రోజు అడిగిన ప్రశ్నే అడిగి మళ్ళీ ఒక నిమిషం రికార్డు చేయండి. రెండింటిలో మాటలు లెక్కపెట్టండి, మూడు సెకన్లకి మించిన ఖాళీలు లెక్కపెట్టండి. తప్పుల సంఖ్య లెక్కపెట్టొద్దు. మొదటి రోజు పది మాటలు చెప్పినవాడు ఇప్పుడు యాభై చెబితే తప్పులూ పెరుగుతాయి, అది వెనకబడటం కాదు. రెండు రికార్డులూ ఆ పిల్లాడికే, ఒంటరిగా, చెవి దగ్గర పెట్టి వినిపించండి. విన్నాక వాడి ముందే ఫోనులోంచి తీసేయండి. పలకలు కడిగి ఆరబెట్టి, కావాలన్నవాళ్ళకి ఇచ్చేయండి.